బీటవారిన బ్లాకు: చికిత్సా మార్గముల సమీక్ష

హైదరాబాదు నుండి విజయవాడకు సాగు జాతీయ రహదారి మీద నున్న సూర్యాపేట, కోదాడ పట్టణములును, ఆ రహదారికి దక్షిణముగా నాగార్జునసాగరపు ఎడమ కాలువ ఆయకట్టులో వరి పొలముల నడుమ నున్న మిర్యాలగూడయు ఇంజనును నమ్ముకొని పెరిగిన ఊళ్లని చెప్పుట అతిశయోక్తి కానేరదు. 1967 ఆగస్టులో సాగరు కాలువలకు నీరు వదలుటకు పూర్వము ఈ ప్రాంతపు రైతునకు బావియే దిక్కు. ఆ బావిగట్టున మోట బరువును ఎద్దుల మెడ నుండి దింపినది ఆయిలింజను. కాలువ వచ్చిన పిమ్మట పండిన ధాన్యమును మర పట్టుటకు మిల్లులును, బియ్యమును మోయుటకు లారీలును, వ్యాపారము మీద తిరుగువారికి జీపులును అంబాసిడరు కార్లును వచ్చినవి. పని వేరైనను వీటన్నిటికిని గుండెకాయ ఒక్కటే: పోత ఇనుముతో పోసిన సిలిండరు బ్లాకు. అది పగిలినపుడు ఏమి చేయవలెననునది ఇచ్చటి మెకానిక్కులకు నిన్న మొన్న పుట్టిన ప్రశ్న కాదు. అయితే కొట్టములో దశాబ్దముల తరబడి దుమ్ము కప్పుకొని పడియున్న తాతలనాటి బండిని వెలికి తీసి తిరిగి నడిపింప దలచువారు కొందరు బయలుదేరుటచే ఆ పాత ప్రశ్న క్రొత్త పట్టుదలతో ముందుకు వచ్చినది. నడుచుచున్న లారీకి బ్లాకు పగిలినచో మరియొక బ్లాకు తెచ్చి వేయుదురు. పోత నిలిచిపోయి అర్ధశతాబ్దమైన ఇంజనుకు మరియొక బ్లాకు ఎచ్చటి నుండి వచ్చును?

ఈ ప్రాంతమున అట్లు మిగిలిన బండ్లలో ముఖ్యమైనవి రెండు మూడు జాతులవి. 1947 నుండి మహీంద్రా వారు కూర్చి అమ్మిన విల్లీసు జీపు మొదటిది. కలకత్తా చెంత ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు మోరిసు ఆక్సుఫర్డు నమూనా ననుసరించి చేసి, 2014లో ఆపివేసిన అంబాసిడరు రెండవది. ఫియటు 1100 వంశమునకు చెందిన ప్రీమియరు పద్మిని మూడవది. 1954లో టాటావారు మెర్సిడెసు బెంజి వారితో కలిసి చేయ నారంభించిన లారీలు తుక్కుగా పోయినవి పోగా మిగిలినవి అరుదు. ఇంకను వెనుకటి కాలమునకు పోయినచో, 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో సేవ నారంభించినపుడు తెప్పించిన ఆల్బియను బస్సు, ఆరవ నిజాము కోరి చేయింపగా నేడు చౌమహల్లా ప్రాసాదమున కానవచ్చు రోల్సు రాయిసు సిల్వరు ఘోస్టు కారు స్మరింపదగినవి. ఆ రోల్సు రాయిసులో ఆరు సిలిండర్లును మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోయబడి, తలభాగము కూడ దిమ్మెతో ఏకముగనే యుండును. హెడ్డు విప్పి లోపల చూతమన్నను విప్పుటకు హెడ్డే లేదు. అట్టి దిమ్మెకు లోపలి గోడలో బీటవచ్చినచో చేయి దూరదు, కన్ను పారదు. దానితో పోల్చినపుడు మన జీపు, అంబాసిడరు మిక్కిలి సాధువులు.

పోత ఇనుము ఏల పగులును? దానిలో నూటికి మూడు మూడున్నర పాళ్లు కర్బనము, ఇంచుమించు రెండు పాళ్లు సిలికాను ఉండును. ఆ కర్బనములో అధికభాగము సన్నని గ్రాఫైటు రేకులుగా లోహమంతట వ్యాపించి యుండుటచేతనే అచ్చులో సులభముగ పారుట, లేతు మీద చక్కగ కోయబడుట, కంపమును మ్రింగుట, పిస్టను రాపిడిని ఓర్చుకొనుట మొదలగు గుణములన్నియు దానికి అబ్బినవి. అవే రేకులు దోషమునకును మూలములు. అదిమినపుడు మహాబలము చూపు ఈ లోహము లాగినపుడు అందులో మూడవ వంతో నాలుగవ వంతో మాత్రమే ఓర్చుకొనును. సాగుగుణము మిక్కిలి స్వల్పము, నూటికి ఒక పాలు సాగకమునుపే తెగును. ఉక్కు వంగి హెచ్చరించును. పోత ఇనుము హెచ్చరింపదు.

శీతదేశముల గ్రంథములలో బ్లాకు పగులుటకు మంచు ప్రథమ కారణముగా చెప్పబడినది. నీరు గడ్డకట్టునపుడు నూటికి తొమ్మిది పాళ్లు వ్యాకోచించి నీటిగది గోడను బయటికి త్రోయుటచే నిలువునా బీటవారుననునది ఆ దేశములకు ముమ్మాటికి సత్యము. నల్లగొండ సీమలో ఎన్ని చలికాలములు గడచినను రేడియేటరులో నీరు గడ్డకట్టదు. ఇచ్చటి శత్రువు వేసవి, అంతకు మించిన శత్రువు బోరు నీరు. సున్నము మెండుగా గల భూగర్భజలమును ఏండ్ల తరబడి రేడియేటరులో పోయుటవలన నీటిగదుల లోపల తెల్లని పొర పేరుకొనును. వేడిని ప్రసరింపజేయుటలో ఆ పొర ఎంత మందమతి యనగా, ఒక మిల్లీమీటరు సున్నపు పొర వేడికి చేయు అడ్డు పాతిక మిల్లీమీటర్ల ఇనుము చేయు అడ్డుకు తక్కువ కాదు. పొర మందముగ నున్న తావున ఇనుము మిక్కిలి కాగును, ప్రక్కనున్న తావు చల్లగ నుండును. ఈ వ్యత్యాసమే లాగుడు బలముగ పరిణమించును. వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నము రహదారి మీద ఆవిరి చిమ్ముచు ఆగిన బండికి, తొందరపడిన డ్రైవరు చేతికి దొరికిన చల్లని నీళ్ల బిందెను బోర్లించుట ఆ పరిణామమునకు ముగింపు. కాలుచున్న లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడినట్లే యగును. ఇంజను నడుచుచుండగనే కొలది కొలదిగా పోయుట, లేదా చల్లారువరకు వేచియుండుట తప్ప మరియొక మార్గము లేదని ప్రతి మెకానిక్కును చెప్పును, ఏ డ్రైవరును వినడు.

జీపు వంటి పాత ఇంజనులకు మరియొక బలహీనస్థానము గలదు. వాటిలో ఎగ్జాస్టు వాల్వు హెడ్డులో గాక బ్లాకులోనే సిలిండరు ప్రక్కన కూర్చుండును. మండిన వాయువు వెలువడు ఆ సీటునకును సిలిండరు గోడకును నడుమ నున్న ఇనుప గట్టు మిక్కిలి సన్నము, మిక్కిలి వేడి. బీట సాధారణముగ అచ్చటనే పుట్టి రెండు వైపులకు ప్రాకును. 1932లో ఫోర్డు కంపెనీ తెచ్చిన సుప్రసిద్ధమైన వి-8 ఇంజను కూడ ఈ వ్యాధికి పేరుబడ్డదే.

రోగ నిర్ణయము విషయమున మన పట్టణముల మెకానిక్కులకు నేర్పవలసినది స్వల్పము. ‘బండి నీళ్లు తాగుతున్నది’ అని యజమాని అనగానే వారు ఆయిలు కడ్డీని తీసి చూతురు. ఆయిలు పాలు కలిపినట్లు తెల్లబడినచో నీరు లోనికి దిగుచున్నదని అర్థము. రేడియేటరు మూత తీసి ఇంజను నడిపినపుడు బుడగలు వచ్చినచో మండిన గాలి నీటిలోనికి పోవుచున్నదని అర్థము. అయితే హెడ్డు గాస్కెటు కాలినను ఈ లక్షణములే కనబడును గనుక, హెడ్డు దింపి, గాస్కెటును పరీక్షించి, అది నిర్దోషియని తేలిన మీదటనే బ్లాకును నిందింపవలెను. బయటి బీటకు కిరసనాయిలు పూసి తుడిచి పైన సుద్దపొడి చల్లుట పాతపద్ధతి. బీటలో దాగిన కిరసనాయిలు సుద్దలోనికి ఊరి సన్నని గీతగా బయటపడును. ఎర్రరంగు ద్రవము, తెల్ల డెవలపరు అను డబ్బాలు ఈ సూత్రమునకే సంస్కరించిన రూపములు. కాని లోపలి బీటను పట్టుటకు ఒక్కటే నమ్మదగిన విధానము: నీటిదారులన్నిటిని పలకలతోను రబ్బరుతోను మూసి, వేడినీటిలో ముంచి, గాలి ఒత్తిడి పెట్టి బుడగల కొరకు చూచుట. చల్లని బ్లాకులో మూసుకొనియుండు బీట వేడిలోనే నోరు తెరచును. చన్నీటిలో పరీక్షించి ‘బాగున్నది’ అని ఇచ్చిన బ్లాకులు మొదటి ప్రయాణముననే తిరిగివచ్చుటకు కారణ మిదియే.

ఇక చికిత్సల సంగతి. వీటిలో మొట్టమొదట తలంపునకు వచ్చునది వెల్డింగు. తరచుగ చెడునదియు అదియే. చెడుటకు హేతువు లెక్కలో చూచిన తేటపడును. నూరు మిల్లీమీటర్ల పొడవున ఇనుమును ఆరువందల డిగ్రీల మేరకు వేడిచేసి చల్లార్చినపుడు అది ఇంచుమించు ఆరు పదుల వంతు మిల్లీమీటరు ముడుచుకొనును. చుట్టునున్న చల్లని ఇనుము దానిని ముడుచుకొననీయదు. నూటికి ఒక పాలైన సాగని లోహము ఈ పెనుగులాటలో చేయగల పని ఒక్కటే, అతుకు ప్రక్కన క్రొత్తగా పగులుట. పైగా కరగిన లోహమునకు ఆనుకొనియున్న అంచు వేగముగ చల్లారుటచే అందలి కర్బనము గ్రాఫైటుగా విడివడుటకు వ్యవధి చాలక, గాజువలె పెళుసైన తెల్ల ఇనుముగ మారును; దానిమీద డ్రిల్లు దిగదు, ఆకురాయి జారును. మామూలు ఇనుప రాడ్డుతో ఎవరో తొందరపడి అతికిన బ్లాకును తరువాత బాగుచేయుట, తాకని బ్లాకును బాగుచేయుటకంటె మిక్కిలి కష్టము.

ఈ దోషమును తప్పించుటకు రెండు పరస్పర విరుద్ధ మార్గములు కలవు. బ్లాకునంతటిని కొలిమిలో ఆరు వందల నుండి ఆరు వందల ఏబది డిగ్రీల వరకు సమముగ కాచి, ఆ వేడిలోనే గ్యాసు మంటతో పోత ఇనుప కడ్డీని కరగించి బీటను నింపి, పిమ్మట ఒక దినమైనను పట్టునంత మెల్లగ చల్లార్చుట మొదటిది. శాస్త్రరీత్యా ఇది శ్రేష్ఠము. అతుకు మాతృలోహముతో ఏకమగును, లేతు మీద కోయబడును, రంగు సైతము కలియును. మిర్యాలగూడకు ఈ విషయమున ఒక అనుకూలత గలదు: మిల్లుల యొద్ద గుట్టలుగ పడియుండు ఊకబూడిద వేడిని పట్టియుంచుటలో ఎంతటి సమర్థమైనదనగా, ఉక్కు కర్మాగారములలో కరగిన లోహము మీద కప్పుటకు దానినే వాడుదురు. కాగిన బ్లాకును ఆ బూడిదలో పూడ్చిపెట్టినచో దానికంటె మెల్లగ చల్లార్చు సాధనము వెదకనక్కరలేదు. కాని దోషము వేరొకచోట నున్నది. ఏబది అరువది ఏండ్లు ఒక ఆకారమున స్థిరపడిన బ్లాకు కొలిమి వేడికి వంకరపోవును. సిలిండర్లు గుండ్రదనమును, క్రాంకు బేరింగులు సరళరేఖను కోల్పోవును. సిలిండర్లకు మరల బోరు కొట్టించి, బేరింగులకు లైను బోరింగు చేయించి, హెడ్డు కూర్చుండు ముఖమును చెక్కింపవలెను. అన్నియు కలసి క్రొత్త ఇంజను కట్టినంత పని యగును.

రెండవది చల్లని మార్గము. నికెలు రాడ్డుతో, ఒక్కొక్క పూత ఒక అంగుళమునకు మించకుండ వేసి, అది ఎర్రగ నుండగనే చిన్న సుత్తితో మృదువుగ తట్టి, చేతితో తాకగలుగు వరకు చల్లారనిచ్చి, మరియొక చోట తరువాతి పూత వేయుట. నికెలు కర్బనముతో కార్బైడును ఏర్పరపదు, మెత్తగ నుండి కొంత సాగును; సుత్తి దెబ్బ ముడుచుకొన జూచు పూతను పరచి లాగుడును తగ్గించును. శుద్ధ నికెలు రాడ్డు మెత్తనిది, పలుచని గోడలకు తగినది. నికెలు ఇనుము ఇంచుమించు సగము సగముగ గల రాడ్డు చవుక, బలమైనది, మందపు భాగములకు తగినది. ఓపికయే ఇందు అసలు పనిముట్టు. తొందరవాని చేతిలో నికెలు సైతము మామూలు ఇనుమే. మరియొక చిక్కు పాత బ్లాకుకే ప్రత్యేకమైనది: అర్ధశతాబ్దము నూనెలో నానిన ఇనుము గ్రాఫైటు సందులలో నూనెను దాచుకొనును. వెల్డింగు వేడికి అది పొగయై వెలువడి పూతనంతటిని తేనెపట్టు చేయును. కాస్టిక్ సోడాతో ఉడికించి, మంటతో కాల్చి, మొదటి పూతను గీకిపారవేసి రెండవసారి వేయువారికే నిలుచు అతుకు దక్కును.

ఈ రెంటికి నడుమ ఇత్తడి అతుకు గలదు. ఇనుము కరగదు, తొమ్మిది వందల డిగ్రీల చేరువలో కరగిన ఇత్తడి ఇనుము ముఖమును పట్టుకొనును. ఆయిలింజనుల కాలము నుండి గ్రామసీమలలో చిరపరిచితమైన పని యిది. నీటిగది బయటి గోడకు అది చాలును. వాల్వు సీటు చెంతకు మాత్రము దానిని పోనీయరాదు, వేడెక్కినకొలది అది నీరసించును. ఒక్కసారి ఇత్తడి అంటిన తావున తరువాత నికెలు గాని పోత ఇనుము గాని సరిగ పట్టదు.

రేడియేటరులో పోయు మందులు, సోడియం సిలికేటు, ఎపాక్సీ ముద్దలు మొదలగువానిని గూర్చి విస్తరింప నక్కరలేదు. ఊరు చేరుటకు అవి పనికివచ్చును. సున్నముతో సగము మూసుకొన్న నీటిదారులను పూర్తిగ మూసివేయుటకు సైతము పనికివచ్చును.

పోత ఇనుమునకు వేడియే శత్రువైనపుడు వేడి లేకుండ కుట్టరాదా యను ఆలోచన లోకమున ఆలస్యముగ పుట్టినది. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించు తరుణమున, ఆ దేశపు రేవులలో చిక్కిన జర్మను ఓడల నావికులు తమ ఆవిరి యంత్రముల పోత ఇనుప సిలిండర్లను బుద్ధిపూర్వకముగ పగులగొట్టిరి; క్రొత్తవి పోయించినచో మిక్కిలి కాలము పట్టునని తెలిసి చేసిన పని యది. అమెరికా నౌకాదళపు ఇంజనీర్లు విద్యుత్ వెల్డింగుతోను యాంత్రికమైన అతుకులతోను కొలది నెలలలోనే ఆ ఓడలను సముద్రము మీద నడిపించి, పగిలిన పోత ఇనుము చచ్చిన ఇనుము కాదని లోకమునకు చూపిరి. తరువాతి దశాబ్దములలో, నిప్పురవ్వ పడరాని అమెరికా చమురు క్షేత్రముల అవసరము నుండి చల్లని కుట్టు పద్ధతి రూపొంది, రెండవ యుద్ధానంతరము ఓడరేవులన్నిటికి వ్యాపించినది.

దాని విధాన మిది. బీట రెండు కొనలను మొదట కనుగొని అచ్చట చిన్న రంధ్రము వేయుదురు. అది మొన చెంత కూడిన లాగుడును చెదరగొట్టి బీటను ముందుకు ప్రాకనీయదు. పిమ్మట బీటకు అడ్డముగ అక్కడక్కడ గొలుసువంటి గాళ్లు తొలిచి, ఆ ఆకారముననే చేసిన నికెలు మిశ్రలోహపు తాళములను సుత్తితో దిగగొట్టుదురు. రెండు అంచులను విడిపోనీయకుండ పట్టుట వాటి పని. చివరకు బీట పొడవునా రంధ్రము వెంట రంధ్రము వేసి, మరలు కోసి, మరమేకులను బిగింతురు. ప్రతి మేకును ముందటి మేకులో మూడవ వంతును కోసికొని కూర్చుండును గనుక బీట యున్న తావున తుదకు బీటయే మిగులదు, మేకుల వరుస మిగులును. పైభాగము తట్టి, రాసి, రంగు వేసినచో చేసిన చోటు కానరాదు. మామూలు మర రంధ్రపు అంచులను బయటికి త్రోయును. ఇటీవలి కాలమున వచ్చిన కొక్కెపు మరల మేకులు అంచులను లోనికి లాగును, పలుచని గోడలకు ఇది గొప్ప మేలు.

తాళములును కొక్కెపు మేకులును సూర్యాపేట ఆటోమొబైలు దుకాణములలో అడిగిన దొరకునవి కావు, దూరము నుండి తెప్పించుకొనవలెను. అయినను ఒకదానిమీద ఒకటి ఎక్కు మరమేకుల కుట్టు మాత్రము డ్రిల్లు, ట్యాపు, లేతు ఉన్నచోట నెల్ల సాధ్యము. పాత బ్లాకు ముక్కనుండియే మేకులు తిప్పించినచో లోహము కూడ సజాతీయమగును. కోదాడలో లేతు నడుపువానికి రానిపని ఇందేమియు లేదు. ఏల చేయరనగా, గంటలో ముగియు వెల్డింగునకు అలవాటుపడిన గిరాకీ రెండు మూడు దినముల చేతిపనికి కూలి ఈయడు. ఈ విషయమున తప్పు మెకానిక్కుది కాదని నా అభిప్రాయము.

కాబట్టి ఏ పద్ధతి శ్రేష్ఠమను వాదము నిరర్థకము; బీట ఎచ్చట నున్నదను ప్రశ్నయే సార్థకము. నీటిగది బయటి గోడ ఓర్చుకొనవలసినది రేడియేటరు మూత అనుమతించు కొద్దిపాటి ఒత్తిడిని మాత్రమే. అచ్చట కుట్టు, నికెలు, ఇత్తడి మూడును చెల్లును, కుట్టు ప్రథమము. సిలిండరు లోపలి గోడలో నిలువు బీటకు అతుకు వ్యర్థము. బోరును పెద్దది చేసి, కొద్దిపాటి బిగువుతో స్లీవు దింపుటయే ఉచితము, ఆ పని ఇచ్చట నిత్యకృత్యము. వాల్వు సీటు నుండి సిలిండరుకు ప్రాకిన జీపు బీటకు మూడును కలిపి చేయవలెను: బీటను కుట్టి, సిలిండరుకు స్లీవు దింపి, సీటునకు ఉంగరము బిగింపవలెను. క్రాంకును మోయు అడ్డుగోడ పగిలినచో, ఎవరెంత హామీ యిచ్చినను, ఆ బ్లాకును నడిపింపరాదు. ప్రతి పేలుడును ఆ గోడయే మోయును. దానిని చూపుటకు నిలుపుకొనవచ్చును.

బ్లాకును మార్చుటకంటె బాగుచేయుటయే మేలనుటకు చట్టము కూడ నొక హేతువును కల్పించినది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వెలువరించిన నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి ఏబది ఏండ్లు దాటి, వ్యాపారమునకు వాడబడక, చాసీ, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేక మూలరూపమున నున్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు వింటేజి గుర్తింపు లభించును; క్రొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము, పది ఏండ్ల గడువు, ‘వి ఎ’ అను అక్షరములు గల ప్రత్యేక సంఖ్యాఫలకము. జీపులో పాత ఇంజను తీసి డీజిలు ఇంజను వేసికొనుట ఈ సీమలో ఒకప్పుడు తెలివైన పనిగ నెంచబడినది. అట్టి బండి ఎంత ముసలిదైనను ఈ గౌరవమునకు నోచుకొనుట కష్టము. బీటవారిన తొలి బ్లాకును పారవేయక మూలన పెట్టినవాడు అదృష్టవంతుడు.

బాగుచేసిన బ్లాకును మరల వేడినీటిలో ఒత్తిడి పెట్టి పరీక్షించి, నీటిదారుల సున్నమును మందుతో కరగించి కడిగి, థర్మోస్టాటును, ఫ్యాను బెల్టును సరిచూచి, తొలి కొన్ని వందల కిలోమీటర్లు బరువు లేక నడిపిన పిమ్మట హెడ్డు బోల్టులను కంపెనీ చెప్పిన బిగువునకు మరల బిగింపవలెను. రేడియేటరులో ఇక బోరు నీరు పోయరాదు. ఫ్లోరైడు భయమువలన నల్లగొండ సీమలో ఊరూర వెలసిన శుద్ధజల కేంద్రముల నీటిలో సున్నము లేదు గనుక అది మేలే. కాని ఆ నీటిని ఒంటిగ పోసినచో ఇనుమును తుప్పు తినును, తుప్పునాపు కూలెంటు తగిన పాళ్లలో కలిపియే పోయవలెను.